గేర్‌బాక్స్‌కు కొండ కనపడదు

కెనడా వచ్చిన కొత్తలో మనవాళ్లు కొనే మొదటి కారు చాలామటుకు పాత కరోలానో, సివికో అయి ఉంటుంది. ఇండియాలో పదేళ్లు గేరు బండి నడిపినవాళ్లకు కూడా ఆటోమేటిక్ ఒక్క పూటలో అలవాటైపోతుంది. క్లచ్ లేదు, గేరు మార్చే పని లేదు. 'డి'లో వేసి యాక్సిలరేటర్ తొక్కితే బండి పోతుంది. ఒంటారియోలో జీ2 డ్రైవింగ్ పరీక్ష కూడా దాంతోనే పాసైపోతారు. ఇక చాలా పాత కార్లలో గేరు లివర్ పక్కన 'ఓ/డి', అంటే ఓవర్‌డ్రైవ్, అని రాసి ఉన్న చిన్న బటన్ సంగతి ఎవరూ చెప్పరు, వీళ్లూ అడగరు. ఎప్పుడో చెయ్యి తగిలి డాష్‌బోర్డు మీద 'ఓ/డి ఆఫ్' అనే దీపం వెలిగితే అప్పుడు కంగారు పడతారు.

ఈ బటన్ దగ్గర మనుషులు మూడు రకాలుగా కనపడతారు. మొదటి రకం దాన్ని ముట్టుకోరు. కారు అమ్మేసే రోజు దాకా అదెందుకుందో వాళ్లకు తెలియదు. రెండో రకం అది వేగం పెంచే మీట అనుకుంటారు. ముందున్న బండిని దాటాల్సి వచ్చినప్పుడు దాన్ని 'ఆన్' చేసుకుంటారు. మూడో రకం, ఆఫ్ చేస్తే పికప్ బాగుందని కనిపెట్టి శాశ్వతంగా ఆఫ్‌లోనే ఉంచుతారు. ఆ తర్వాత మైలేజీ రావడం లేదని కారును తిడతారు.

ముగ్గురికీ చెప్పాల్సింది ఒక్కటే. ఓవర్‌డ్రైవ్ మామూలుగా ఆన్‌లోనే ఉండాలి. ముందు కొండ ఉందనో, లోయ ఉందనో, వెనక బరువు ఉందనో, లారీని దాటాలనో తెలిసినప్పుడు మాత్రం ఆఫ్ చేయాలి. ఆ అవసరం తీరగానే మళ్లీ ఆన్ చేయాలి. గేర్‌బాక్స్‌కు రోడ్డు కనపడదు. రోడ్డును చూస్తున్నది మీరే. మీకు కనపడింది దానికి చెప్పడానికే ఆ బటన్.

బటన్ వెనక ఉన్న లెక్క

జనరల్ మోటార్స్ 1982 మోడల్ కార్లతో తెచ్చిన 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని గేర్ల నిష్పత్తులు వరసగా 3.06, 1.63, 1.00, 0.70. మొదటి గేరులో ఇంజన్ మూడు చుట్లు పైన తిరిగితే గానీ గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్టు ఒక చుట్టు తిరగదు. అందుకే ఆ గేరులో బలం ఎక్కువ, వేగం తక్కువ. మూడో గేరులో ఇంజన్, షాఫ్టు సమానంగా తిరుగుతాయి. నాలుగో గేరులో ఇంజన్ 70 చుట్లు తిరిగేసరికి షాఫ్టు 100 చుట్లు తిరుగుతుంది. ఇలా ఇంజన్ కంటే షాఫ్టు వేగంగా తిరిగే గేరే ఓవర్‌డ్రైవ్. బటన్ ఆఫ్ చేస్తే మీరు గేర్‌బాక్స్‌కు ఒక్క మాటే చెప్పినట్టు: నాలుగో గేరుకు వెళ్లకు, మూడు దగ్గర ఆగు.

ఇప్పుడు ఇంజన్ చుట్లు చూపే మీటరు చూద్దాం. హైవే మీద మూడో గేరులో ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకుంటే, అదే వేగంలో ఓవర్‌డ్రైవ్‌లో 2,100 చుట్లే తిరుగుతుంది. తేడా నిమిషానికి 900. కాల్గరీ నుంచి ఎడ్మంటన్ సుమారు 300 కిలోమీటర్లు, గంటకు 100 చొప్పున మూడు గంటల ప్రయాణం. బటన్ ఆఫ్‌లో ఉండిపోయిందని గమనించకుండా వెళితే ఆ మూడు గంటల్లో ఇంజన్ లక్షా 62 వేల చుట్లు అదనంగా తిరుగుతుంది. ఆ చుట్లన్నిటికీ కొంత పెట్రోల్, కొంత అరుగుదల, చెవులకు కొంత హోరు ఖర్చవుతాయి. మూడో రకం మనుషులకు మైలేజీ పోయేది ఇక్కడే.

1973 చమురు సంక్షోభం అమెరికా, కెనడాల్లో కార్ల తయారీని మార్చేసింది. 1980ల మొదట్లో ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ ఆటోమేటిక్‌లలో ఓవర్‌డ్రైవ్‌ను నాలుగో గేరుగా చేర్చాయి. కాబట్టి ఇది పుట్టుకతోనే పొదుపు గేరు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాని చేతిలో ఉండే శక్తి కూడా తక్కువే. దాటడానికి బలం కావాల్సినప్పుడు ఓవర్‌డ్రైవ్ అడ్డం వస్తుంది. రెండో రకం మనుషులు చేస్తున్నది సరిగ్గా తలకిందులు.

ఈ పొదుపుకూ హద్దుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో కారు 100లో కంటే సుమారు 20 శాతం ఎక్కువ ఇంధనం తాగుతుందని కెనడా ప్రభుత్వ సహజ వనరుల శాఖ చెబుతుంది. గాలి అడ్డాన్ని ఏ గేరూ తగ్గించలేదు. ఓవర్‌డ్రైవ్ ఉంది కదా అని వేగం పెంచితే ఇటు మిగిలింది అటు పోతుంది.

దానికి తెలిసినవి రెండే

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చరిత్రలో కెనడాకూ ఒక పేజీ ఉంది. సస్కాచువాన్‌లోని రెజైనా నగరానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ హార్నర్ మన్రో అనే స్టీమ్ ఇంజనీరు 1921లో ఒక ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను రూపొందించి, 1923లో కెనడా పేటెంటు పొందాడు. అది గాలి ఒత్తిడితో పనిచేసేది. వ్యాపారంలో నిలదొక్కుకోలేదు. తర్వాత జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో పెట్టిన హైడ్రామాటిక్ నూనె ఒత్తిడితో పనిచేసి మార్కెట్‌ను గెలిచింది. అప్పటి నుంచి ఆటోమేటిక్‌కు ప్రాణం నూనెలోనే ఉంది. దాని మొదటి శత్రువు వేడి.

ఆ తరం గేర్‌బాక్స్‌లు రెండే సంగతులు చూసి గేరు మార్చేవి. ఒకటి బండి ఎంత వేగంగా పోతోంది, రెండు మీరు పెడల్ ఎంత తొక్కారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, సెన్సర్లు పెరిగాయి. కొత్త బాక్సులు వాలును కూడా పసిగడతాయి. అయితే వాలు మొదలయ్యాకే పసిగడతాయి. మలుపు తిరగ్గానే కొండ ఉందని పసుపు బోర్డు మీద లారీ బొమ్మ వేసి ఆరు శాతం అని రాసి ఉంటే, ఆ బోర్డు చదవగలిగింది మీరొక్కరే.

ఎక్కేటప్పుడు

ఒంటారియోలో హామిల్టన్ దగ్గర 403 హైవే ఆంకాస్టర్ వైపు నయాగరా కొండగట్టు ఎక్కుతుంది. సూ సెయింట్ మేరీ నుంచి వావా వైపు 17వ నంబరు హైవే మీద మాంట్రియల్ రివర్ హిల్ ఉంది. ఇలాంటి చోట నిండు కుటుంబం, డిక్కీ నిండా సామాను ఉన్న చిన్న కారులో ఏం జరుగుతుందో గమనించండి. నాలుగో గేరులో బండి లాగలేకపోతుంది. వేగం తగ్గుతుంది. మీరు పెడల్ తొక్కుతారు. బాక్స్ మూడుకు దిగుతుంది, ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది, వేగం అందుకుంటుంది. మీరు కాలు కాస్త వదలగానే బాక్స్ 'పని అయిపోయింది' అనుకుని మళ్లీ నాలుగుకు వెళుతుంది. మళ్లీ లాగలేకపోతుంది. మూడు, నాలుగు, మూడు, నాలుగు. మెకానిక్కులు దీన్ని హంటింగ్ అంటారు.

ప్రతి మార్పులోనూ లోపలి క్లచ్‌లు వదిలి పట్టుకుంటాయి. ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్ లాక్ ఊడి జారుతుంది. జారిన చోటల్లా వేడి పుడుతుంది, ఆ వేడంతా నూనెకు ఎక్కుతుంది. నూనె నల్లబడి మాడు వాసన వస్తోందంటే ఈ వేడి చాలాకాలంగా నడుస్తున్నట్టే. గేర్‌బాక్స్ మార్చాలంటే వేల డాలర్లు. పాత కారు విలువే అంత ఉండకపోవచ్చు.

మందు చాలా తేలిక. ఎక్కుడు మొదలయ్యే ముందే ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేయండి. కొండ పైకి చేరి రోడ్డు చదునయ్యాక ఆన్ చేయండి. ముందే చూసుకోలేదా, బాక్స్ రెండుసార్లు పైకీ కిందకీ ఊగగానే ఆఫ్ చేయండి, మూడోసారి దాకా ఆగవద్దు. ఇంజన్ 3,000 దగ్గర నిలకడగా మోగుతుంది. ఆ మోత విని భయపడవద్దు. పెట్రోల్ ఇంజన్లకు మీటరులో ఎర్ర గీత చాలామటుకు 6,000 పైనే ఉంటుంది. నిలకడగా 3,000 తిరిగే ఇంజన్ కంటే, గేర్ల మధ్య ఊగిసలాడే బాక్స్‌కే ప్రమాదం ఎక్కువ.

కొండ లేకపోయినా ఇదే జరిగే చోటు ఒకటుంది. సస్కాచువాన్, మానిటోబా మైదానాల్లో ఎదురుగాలి గట్టిగా కొట్టేటప్పుడు, పైగా కారు మీద రూఫ్ బాక్స్ ఉన్నప్పుడు, చదును రోడ్డు కూడా ఎక్కుడులాగే ప్రవర్తిస్తుంది. క్రూయిజ్ కంట్రోల్ వేసి ఉంటే ఊగిసలాట ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే అది ఒక్క కిలోమీటరు వేగం తగ్గినా ఊరుకోదు. అక్కడా మందు అదే.

దిగేటప్పుడు

ఈ అధ్యాయంలో ప్రాణాలకు సంబంధించిన భాగం ఇదే. తీరిగ్గా చదవండి.

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్ల మీద బండి నడిపినవాళ్లకు పాత డ్రైవర్లు చెప్పే మాట గుర్తుండే ఉంటుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు రెండో దాంట్లో ఎక్కి మొదటి దాంట్లో దిగుతాం. ఇన్నేళ్లలో బండ్లు ఎంత మారినా ఆ మాట మారలేదు. ఆటోమేటిక్ కారులో క్లచ్ లేదు గనుక ఆ మాట వర్తించదని చాలామంది అనుకుంటారు. పూర్తిగా వర్తిస్తుంది. గేరు తగ్గించే పని ఇక్కడ బటన్‌తో, లివర్‌తో చేయాలి, అంతే.

బ్రిటిష్ కొలంబియాలోని కోకిహాలా హైవే తీసుకోండి. హోప్ నుంచి మెరిట్ మీదుగా కామ్‌లూప్స్ వెళ్లే ఈ 5వ నంబరు రోడ్డులో మొదటి భాగం 1986లో తెరిచారు. హోప్ ఊరు సముద్రమట్టానికి సుమారు 40 మీటర్ల ఎత్తులో ఉంటే, కోకిహాలా శిఖరం 1,244 మీటర్లు. వాంకూవర్ వైపు తిరిగి వచ్చేటప్పుడు 1,200 మీటర్ల ఎత్తు దిగాలి. లారీలు ఆగి బ్రేకులు చూసుకోవడానికి చోట్లు, బ్రేకు ఫెయిలైన లారీలు దూసుకెళ్లి ఆగడానికి కంకర దారులు ఆ రోడ్డు పక్కన ఉన్నాయి. హోప్ ప్రాంతంలో ప్రమాదాలపాలైన లారీలను తీసేవాళ్ల మీద 2012 నుంచి 'హైవే త్రూ హెల్' అనే టీవీ షోనే వచ్చింది.

అంత దిగుడులో ఓవర్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే ఇంజన్ బండిని దాదాపు ఆపదు. వేగం పెరుగుతుంది, మీరు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచుతారు. నిమిషాల తరబడి అలా రాపిడి జరిగితే ప్యాడ్లు కాలి పట్టు తప్పుతాయి. బ్రేకు నూనె పాతదైతే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఆ స్థితిలో ఎంత తొక్కినా బండి ఆగదు.

పద్ధతి ఇది. దిగుడు మొదలయ్యే ముందే బ్రేకు వేసి వేగం తగ్గించుకోండి. అప్పుడు ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేయండి. మూడో గేరు బండిని పట్టి ఉంచలేకపోతే లివర్‌ను 'డి' నుంచి '2'కు తెండి, కానీ వేగం తగ్గించాకే. బ్రేకును అదేపనిగా రాస్తూ ఉండవద్దు. గట్టిగా ఒకసారి తొక్కి పది కిలోమీటర్ల వేగం తగ్గించి, కాలు పూర్తిగా తీసేయండి. వేగం మళ్లీ పెరిగాక మళ్లీ తొక్కండి. ఆ మధ్య ఖాళీలోనే ప్యాడ్లు చల్లారతాయి.

మన దగ్గర నుంచి తెచ్చుకున్న ఒక పాత అలవాటును ఇక్కడ వదిలేయాలి. పెట్రోల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేయడం. ఫ్యుయల్ ఇంజక్షన్ ఉన్న కారులో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి గనుక కంప్యూటర్ పెట్రోల్ సరఫరానే ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోల్ పోయాల్సి వస్తుంది. అంటే న్యూట్రల్‌లో బండి మీద పట్టూ పోతుంది, పెట్రోలూ పోతుంది.

మంచులో, చలిలో

కెనడాలో పై సూత్రాలన్నిటికీ చలికాలపు షరతు ఒకటి ఉంది. గడ్డకట్టిన రోడ్డు మీద గేరు తగ్గించడం కూడా బ్రేకు వేయడమే. బ్రేకు వేసినప్పుడు జారే చక్రాన్ని ఏబీఎస్ కాపాడుతుంది గానీ, ఇంజన్ లాగడం వల్ల జారే చక్రాన్ని కాపాడదు. మన చిన్న కార్లలో ఇంజన్ ముందు చక్రాలను తిప్పుతుంది. వేగంలో ఉండగా ఐసు మీద ఒక్కసారిగా ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేస్తే ఆ ముందు చక్రాలే పట్టు వదులుతాయి, స్టీరింగ్ మాట వినదు. కాబట్టి మంచు రోజుల్లో ఆ పని మామూలు రోజు కంటే ముందే, తక్కువ వేగంలో, చక్రాలు నేరుగా ఉన్నప్పుడు చేయండి. మలుపులో చేయవద్దు. ఐసు మీద క్రూయిజ్ కంట్రోల్ అసలే వద్దు. బ్రిటిష్ కొలంబియా కొండ రోడ్లలో అక్టోబర్ 1 నుంచి, క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి చలికాలపు టైర్లు తప్పనిసరి. టైర్లు పట్టుకోకపోతే ఏ గేరూ ఆదుకోదు.

విన్నిపెగ్‌లోనో ఎడ్మంటన్‌లోనో మైనస్ 30లో ఉదయం బండి తీసినప్పుడు మొదటి కొన్ని కిలోమీటర్లు ఇంజన్ మామూలు కంటే ఎక్కువ తిరుగుతోందని కంగారు పడవద్దు. చాలా కార్లు నూనె వెచ్చబడేదాకా ఓవర్‌డ్రైవ్‌కు వెళ్లవు, కన్వర్టర్‌ను లాక్ చేయవు. అది రోగం కాదు, జాగ్రత్త. రాత్రి బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టి ఉంచితే ఇంజన్ త్వరగా వెచ్చబడుతుంది.

బరువు లాగేటప్పుడు, దాటేటప్పుడు

ఇల్లు మారడానికి అద్దె ట్రైలర్ తగిలించినా, వేసవిలో టెంట్ ట్రైలర్ లాగినా, ముందు ఓనర్స్ మాన్యువల్ తీసి మీ కారు ఎంత బరువు లాగగలదో చూడండి. ట్రైలర్ ఉన్నప్పుడు ఓవర్‌డ్రైవ్ వాడవద్దని చాలా మాన్యువళ్లు చెబుతాయి. కారణం ఎక్కేటప్పుడు చెప్పుకున్నదే: ఊగిసలాట, వేడి.

రెండు లేన్ల రోడ్డు మీద లారీని దాటాలంటే, ఎదురు లేన్ ఖాళీ అని చూసుకున్నాక, బయటికి తీయడానికి ఒకటి రెండు క్షణాల ముందు ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేయండి. బాక్స్ ముందే మూడో గేరులో ఉంటుంది గనుక మీరు తొక్కగానే బండి లాగుతుంది. దాటాక ఆన్ చేయండి. ఇదొక్కటే పికప్ కోసం ఆ బటన్ వాడే సరైన సందర్భం.

మీ కారులో బటన్ లేకపోతే

కొత్త కార్లలో ఆ బటన్ చాలావరకు పోయింది గానీ, ఓవర్‌డ్రైవ్ పోలేదు, ఇంకా పెరిగింది. ఫోర్డ్ పది గేర్ల 10ఆర్80లో ఏడో గేరు 1.00 నిష్పత్తి. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ ఓవర్‌డ్రైవ్ గేర్లే. వీటిలో అదే పనికి వేరే మీటలున్నాయి. పాత హోండాల్లో 'డి3', కొన్నిటిలో 'ఎస్' లేదా 'ఎల్', మరికొన్నిటిలో ప్లస్, మైనస్ గుర్తులున్న 'ఎం', పికప్ ట్రక్కుల్లో 'టో/హాల్' బటన్. గేర్లే లేని సీవీటీ కార్లలో కూడా నిస్సాన్ కొన్ని మోడళ్లకు ఓవర్‌డ్రైవ్ ఆఫ్ బటన్ పెట్టింది. నొక్కితే ఇంజన్ వేగం పెరిగి బండిని పట్టి ఉంచుతుంది. కొన్ని హైబ్రిడ్‌లలో దిగుడుకు 'బి' ఉంటుంది. పేర్లు ఏవైనా పని ఒక్కటే: ముందు రోడ్డు కష్టంగా ఉందని బాక్స్‌కు చెప్పడం.

అలవాటు చేసుకోవాల్సినవి

1. బండి తీయగానే డాష్‌బోర్డు చూడండి. 'ఓ/డి ఆఫ్' దీపం వెలుగుతుంటే ఓవర్‌డ్రైవ్ లేనట్టు. వెలగకపోతే ఉన్నట్టు.

2. ఆ దీపం వెలిగి ఆరుతూ మెరుస్తుంటే అది వేరే సంగతి. చాలా కార్లలో గేర్‌బాక్స్‌లో లోపం ఉందని దాని అర్థం. మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

3. ఊళ్లో తిరిగేటప్పుడు బటన్‌ను పట్టించుకోవద్దు, ఆన్‌లో వదిలేయండి. ఎప్పుడు నాలుగుకు వెళ్లాలో తక్కువ వేగంలో బాక్స్‌కే బాగా తెలుసు.

4. ఆఫ్ చేసే ముందు వేగం చూపే మీటరు చూడండి. బాగా వేగంగా పోతుంటే ముందు కాలు వదిలి వేగం తగ్గనివ్వండి.

5. ఆఫ్ చేసిన ప్రతిసారీ, ఎక్కడ ఆన్ చేస్తారో అప్పుడే మనసులో అనుకోండి: కొండ పైన, లోయ అడుగున, లారీని దాటాక.

ఈ వారం ఒక పని చేయండి. ట్రాఫిక్ లేని ఆదివారం ఉదయం, రోడ్డు పొడిగా ఉన్నప్పుడు, హైవే మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ బటన్ ఒకసారి ఆఫ్ చేసి, ఇంజన్ చుట్లు చూపే మీటరు ముల్లు ఎంత పైకి లేచిందో చూడండి. మళ్లీ ఆన్ చేసి ఎంత దిగిందో చూడండి. రెండు అంకెలూ గుర్తుంచుకోండి. ఇకమీద ఎప్పుడు పొరపాటున ఆఫ్‌లో ఉండిపోయినా మీ చెవులే పట్టేస్తాయి. ఇంటికొచ్చాక ఓనర్స్ మాన్యువల్‌లో గేర్‌బాక్స్ పేజీలు చదవండి. అవి చదవడానికి అరగంట కూడా పట్టదు. చదివాక, ఇంట్లో ఆ కారు నడిపే ప్రతి ఒక్కరికీ బటన్ చూపించి చెప్పండి. రాకీ పర్వతాలు చూడటానికి బయలుదేరే ముందే చెప్పండి, అక్కడికి చేరాక కాదు.